అద్దె ఇళ్లపై పెట్టుబడి: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

ఇల్లు, ఫ్లాటు, దుకాణం లాంటి స్థిరాస్తిని సొంత వాడకానికి కాకుండా అద్దె రాబడి కోసం కొనడాన్ని లేదా కట్టించడాన్ని అద్దె ఇళ్లపై పెట్టుబడి అంటారు. తెలుగు రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. కింద తాము ఉంటూ పై అంతస్తులు అద్దెకిచ్చే ఇళ్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. పదవీ విరమణ డబ్బుతో రెండు పోర్షన్లు వేయించి, పింఛనుకు తోడు అద్దెలు తీసుకున్న టీచర్లు, బ్యాంకు ఉద్యోగుల తరం ఒకటి గడిచింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక హైదరాబాద్ పడమటి వైపు కథ మారింది. అప్పు చేసి ఫ్లాటు కొని, దాన్ని అద్దెకివ్వడం జీతగాళ్లకు అలవాటైన పెట్టుబడి అయింది.

ఇందులో రాబడి రెండు రకాలు. నెలనెలా వచ్చే అద్దె ఒకటి, అమ్మినప్పుడు ధరలో కనిపించే పెరుగుదల రెండోది. కొత్తగా దిగేవాళ్ల పొరపాట్లు చాలావరకు ఈ రెండింటినీ కలగలిపి చూడడం వల్లే వస్తాయి. ‘అద్దె వస్తుంది కదా’ అని కొంటారు, అది చాలకపోతే ‘ధర పెరుగుతుంది కదా’ అని సర్దుకుంటారు. అద్దె లెక్క అద్దెగా నిలబడాలి. ధర పెరుగుదలను ఆశగా ఉంచుకోవచ్చు కానీ, దాన్ని నమ్ముకుని నెలవారీ కిస్తీ ఒప్పుకోకూడదు.

చేతికి మిగిలేదెంత

భారతీయ నగరాల్లో నివాస ఇళ్ల వార్షిక అద్దె సాధారణంగా ఆస్తి ధరలో 2 నుంచి 4 శాతం మధ్య ఉంటుంది. దుకాణాలు, ఆఫీసు స్థలాల్లో అంతకంటే ఎక్కువ వస్తుంది, అయితే అవి ఖాళీగా ఉండిపోయే కాలమూ ఎక్కువే. 2 నుంచి 4 శాతమన్నది ఖర్చులు తీయకముందు మాట. ఒక ఊహాత్మక ఉదాహరణ వేసి చూస్తే సంగతి తేటపడుతుంది.

హైదరాబాద్‌లో మియాపూర్ వైపు 80 లక్షల రూపాయలకు రెండు పడక గదుల ఫ్లాటు కొన్నారనుకుందాం. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు 7.5 శాతం, అంటే 6 లక్షలు. కబోర్డులు, వంటింటి చెక్క పని, గీజర్లు, ఫ్యాన్లకు 4 లక్షలు. అంతా కలిపి 90 లక్షలు. అద్దె 25,000 అనుకుంటే, చాలామంది ఏడాదికి 3 లక్షలు వస్తుందని, దాన్ని 80తో భాగించి 3.75 శాతం అనుకుంటారు. అసలు లెక్క వేరు. ఏడాదిలో ఒక నెల ఖాళీ అని పెట్టుకుంటే వచ్చేది 2,75,000. ఆస్తి పన్నుకు 8,000, రంగులకూ కుళాయిలకూ మరమ్మతులకూ సగటున 20,000, బ్రోకర్ కమిషన్‌కు 12,000 పోతే మిగిలేది 2,35,000. దాన్ని 90 లక్షలతో భాగిస్తే 2.6 శాతం.

ఇప్పుడు అప్పు చూద్దాం. అందులో 60 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తెస్తే నెల కిస్తీ సుమారు 52,000. ఖర్చులు పోను అద్దె నెలకు 19,600 పడుతుంది కాబట్టి, జేబులోంచి ప్రతి నెలా 32,000 పైచిలుకు కట్టుకోవాలి. మొదటి ఏడాది కట్టే 6.25 లక్షల్లో 5 లక్షలకు పైగా వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 1.2 లక్షలే. ‘కిస్తీ అద్దెకుండే వాళ్లే కడతారు’ అన్న మాట సేల్స్ ఆఫీసులో వినడానికి బాగుంటుంది. పై లెక్కలో వాళ్లు కట్టేది సగం కూడా కాదు.

బ్యాంకు ఎంత ఇస్తుందన్నదానికి రిజర్వు బ్యాంకు హద్దులు పెట్టింది. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న గృహరుణానికి ఆస్తి విలువలో 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం మించకూడదు. ఈ స్థాయి ఇళ్లకు స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపరు, అది సొంతంగా తెచ్చుకోవలసిందే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే కొత్త చర వడ్డీ గృహరుణాలు రెపో లాంటి బయటి ప్రమాణంతో ముడిపడి ఉన్నాయి. రెపో రేటు 2020 మేలో 4 శాతం, 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతం. ఆ పెరుగుదల పూర్తిగా మీద పడితే 60 లక్షల అప్పుకు 7 శాతం దగ్గర 46,500 ఉన్న కిస్తీ 9.5 శాతం దగ్గర దాదాపు 55,900 అవుతుంది. బ్యాంకులు చాలాసార్లు కిస్తీ పెంచకుండా గడువు పొడిగిస్తాయి కాబట్టి ఈ బరువు వెంటనే కంటికి కనబడదు. ఆరు నెలల కిస్తీలకు సరిపడా డబ్బు విడిగా పెట్టుకోకుండా అద్దె ఇల్లు కొనడం తొందరపాటే.

అద్దెకొచ్చేది ఎవరు

ఫ్లాటు ఎంచుకునేముందు అందులో ఎవరుంటారో తేల్చుకోవాలి. కొండాపూర్, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, అమీర్‌పేట, ఎస్సార్ నగర్‌లో కోచింగుకొచ్చే కుర్రాళ్లు, అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్లు, పట్టణాల్లో బడి పిల్లలున్న కుటుంబాలు... వీళ్లలో ఒకరికి కావలసిన ఇల్లు మరొకరికి పనికిరాదు. 2020 లాక్‌డౌన్‌లో కోచింగులు, ఆఫీసులు మూతపడగానే హాస్టళ్లు, షేరింగు ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి. కుటుంబాలున్న పోర్షన్లకు అంత దెబ్బ తగల్లేదు.

గిరాకీ మొత్తం ఒకే ఆధారం మీద నిలబడితే ప్రమాదం. 2014 తర్వాత కొత్త రాజధాని అమరావతి ప్రాంతంలో సచివాలయాన్ని, వచ్చే ఉద్యోగులను లెక్కేసుకుని ఇళ్లు కట్టినవాళ్లున్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే వాళ్ల లెక్క తారుమారైంది. ఆ ఇళ్లలో లోపమేమీ లేదు, గిరాకీ ఒక్క ప్రభుత్వ నిర్ణయంతో ముడిపడి ఉండడమే ఇబ్బంది. ఒకే పెద్ద కంపెనీ గేటు పక్కన, ఒకే కాలేజీ ఎదుట కొనేవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి.

అద్దె మార్కెట్టుకు ఒక పంచాంగం కూడా ఉంది. జూన్‌లో బడులు తెరిచేలోపు కుటుంబాలు ఇళ్లు మారతాయి. ఆషాఢంలో చాలామంది కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఆషాఢం ముందు ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా ఆగడం మామూలే, పుష్యమాసంలోనూ ఇదే తంతు. నమ్మకం లేని యజమాని కూడా ఈ లెక్కకు తలొగ్గవలసిందే. ఏప్రిల్, మే నెలలతో ముగిసేలా ఒప్పందం రాసుకుంటే ఖాళీ రోజులు తగ్గుతాయి.

చూడ్డానికి వెళ్లేది మే నెలలో అయితే మేలు. బోరు ఎండిందా, రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయి, వేసవిలో మెయింటెనెన్సు ఎంత పెరుగుతుంది అన్నవి అప్పుడే తెలుస్తాయి. పై అంతస్తు ఫ్లాటయితే వాన తర్వాత మరోసారి వెళ్లి స్లాబు చెమ్మ చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి చోట కింది అంతస్తు చవగ్గా దొరికితే ఆ చవకకు కారణం ఉంటుంది. వాచ్‌మన్‌తో పది నిమిషాలు మాట్లాడితే బ్రోషర్లో లేనివి బయటికొస్తాయి: ఎన్ని ఫ్లాట్లు ఖాళీ, ఎన్నాళ్లుగా ఖాళీ, టూ-లెట్ బోర్డు మీద చెప్పే అద్దెకూ చివరికి కుదిరే అద్దెకూ ఎంత తేడా.

‘ఫ్యామిలీకే ఇస్తాం, బ్యాచిలర్లకు ఇవ్వం’ అన్న పట్టుదల ఐటీ ప్రాంతాల్లో యజమానికే నష్టం. ముగ్గురు ఉద్యోగులు పంచుకునే ఫ్లాటుకు అద్దె వసూలు కష్టమేమీ కాదు. అరుగుదల కొంచెం ఎక్కువ, దాన్ని అడ్వాన్సులో సర్దుకోవచ్చు. వాస్తు సంగతికొస్తే, అద్దెకొచ్చేవాళ్లు తలుపు ఎటు చూస్తుందని అడిగినా, నీళ్లు, పార్కింగు గురించి గట్టిగా అడుగుతారు. దక్షిణ ముఖమని తక్కువకు దొరికిన ఫ్లాటు కొనుక్కుంటే అద్దె అంతగా తగ్గదు. అమ్మేటప్పుడు మాత్రం ఆ తగ్గింపు మళ్లీ ఇవ్వక తప్పదు.

ఏ రకం ఆస్తి

సొంత స్థలం ఉన్నవారికి పోర్షన్ల ఇల్లే ఇప్పటికీ మంచి అద్దె ఆస్తి. స్థలం తాతల నాటిదైతే కొత్తగా పెట్టేది కట్టుబడి ఖర్చే కాబట్టి దాని మీద రాబడి శాతం ఫ్లాటు కంటే బాగుంటుంది. ఒక పోర్షన్ ఖాళీ అయినా మిగతావాటి అద్దె ఆగదు. ఇక్కడ జాగ్రత్త ప్లాను గురించి. అనుమతి రెండు అంతస్తులకు తీసుకుని పైన పెంట్‌హౌస్ వేసే అలవాటు హైదరాబాద్‌లో బాగా ఉంది. అద్దె వస్తుంది నిజమే కానీ, అనుమతి లేని అంతస్తును బ్యాంకు లెక్కలోకి తీసుకోదు, కొనేవాడు దాన్ని చూపించి ధర తగ్గిస్తాడు, కార్పొరేషన్ నోటీసు ఎప్పుడైనా రావచ్చు.

ఫ్లాటులో నిర్వహణ తేలిక. మెయింటెనెన్సు అసోసియేషన్ చూసుకుంటుంది, యజమాని వేరే ఊళ్లో ఉన్నా నడుస్తుంది. అయితే కట్టడం ఏటా పాతబడుతుంది, విలువ నిలబెట్టేది అవిభాజ్య వాటాగా వచ్చే స్థలం. దస్తావేజులో ఎన్ని గజాలు రాశారో చూడకుండా చదరపు అడుగుల ధర ఒక్కటే బేరమాడేవాళ్లు చాలామంది ఉన్నారు. తెలంగాణలో మల్గీలు, కోస్తాలో కొట్లు అని పిలిచే రోడ్డు పక్క దుకాణాలకు అద్దె రాబడి ఎక్కువ. ఆదాయం పరిమితి దాటితే అద్దె మీద 18 శాతం జీఎస్టీ లెక్క కూడా చూసుకోవాలి. భవనం మొత్తం హాస్టలుకు లీజుకిస్తే ఒకే చోట నుంచి అద్దె వస్తుంది, పోతే ఒకేసారి మొత్తం పోతుంది. ఖాళీ ప్లాటు అద్దె పెట్టుబడే కాదు.

పత్రాలు

లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), మంజూరైన ప్లాను, నివాసయోగ్యతా పత్రం అంటే ఓసీ, ఆస్తి పన్ను రసీదులు కనీసం చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడాలి. చెరువుల ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటి మట్టం), బఫర్ జోన్ సంగతి హైదరాబాద్‌లో ఇప్పుడు మరీ ముఖ్యం: 2024 జులైలో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ చెరువుల్లో కట్టిన భవనాలను కూల్చడం మొదలుపెట్టాక, రిజిస్ట్రేషన్ అయిందన్న ఒక్క ధీమా చాలదని అందరికీ తెలిసొచ్చింది. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారు, హక్కుకు హామీ ఇవ్వరు. చెక్కు రాసేముందు సొంతంగా పెట్టుకున్న వకీలు చేత పత్రాలు చదివించాలి. బ్యాంకు వకీలు చూసేది బ్యాంకు అప్పు భద్రత కోసం.

కడుతున్న భవనంలో కొంటే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా వర్తిస్తుంది. 500 చదరపు మీటర్ల స్థలం లేదా 8 యూనిట్లు దాటిన ప్రాజెక్టు రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. కొన్నవాళ్ల నుంచి వసూలు చేసిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. ‘ప్రీ లాంచ్’ పేరుతో మొత్తం ముందే కడితే సగం ధరకే అని చెప్పే పథకాలు ఈ రక్షణకు బయట ఉంటాయి. హైదరాబాద్‌లో వాటిలో ఇరుక్కున్న కుటుంబాలకు అద్దె మాట అటుంచి అసలే చేతికి రాలేదు. పైగా కట్టడం పూర్తయ్యేదాకా అద్దె రాదు, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఓసీ వచ్చిన ఫ్లాటుకు జీఎస్టీ లేదు, కడుతున్నదానికి మామూలుగా 5 శాతం. అద్దె కోసమే కొనేవాళ్లకు సిద్ధంగా ఉన్న ఫ్లాటు కొంచెం ధర ఎక్కువైనా నయం.

ఒప్పందం, అడ్వాన్సు, ఖాళీ చేయించడం

పదకొండు నెలల ఒప్పందానికి కారణం సాదాసీదాది. ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి, దానికి ఖర్చవుతుంది. మూల చట్టం ప్రకారం ఏడాది లోపు గడువైతే ఆ అవసరం ఉండదు, రాష్ట్ర సవరణలు వేరుగా చూసుకోవాలి. అందుకే వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలు రాసుకుని పొడిగించుకుంటూ పోతారు. పదకొండు నెలలు దాటి ఉంటే, లేదా పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుడిదైపోతుందని చాలామంది యజమానుల భయం. అందుకని రెండేళ్లకోసారి మంచి అద్దెదారులను కూడా మార్చేస్తారు. ఈ భయానికి చట్టంలో ఆధారం లేదు. పన్నెండేళ్ల మాట యజమాని హక్కును కాదని స్వాధీనంలో ఉన్నవాళ్లకు సంబంధించింది. యజమాని అనుమతితో అద్దె కడుతూ ఉన్నవాడు ఆ యజమాని హక్కును ప్రశ్నించలేడు. కావలసినల్లా అద్దె బ్యాంకు ద్వారా రావడం, ఒప్పందం కాగితం మీద ఉండడం.

అడ్వాన్సు హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అద్దె. బెంగళూరులో పది నెలలు అడిగే ఆచారం పేరుమోసింది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలలే పరిమితి అంటుంది, కానీ రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అది అమల్లోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2017లో విడిగా కొత్త అద్దె చట్టం తెచ్చుకుంది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ, కొత్త భవనాలు, నిర్ణీత మొత్తం దాటిన అద్దెలు దాని పరిధిలోకి రావు. ఇవాళ్టి ఫ్లాట్ల తగాదాలు ఎక్కువగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్తాయి. ఆ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకు ఒప్పందంలో వేరే మాట లేకపోతే 15 రోజుల నోటీసు చాలు. నోటీసుకు పట్టేది 15 రోజులే అయినా కోర్టులో ఏళ్లు పడుతుంది. కరెంటు కోసేయడం, తాళం మార్చేయడం లాంటివి చేస్తే కేసు యజమాని మీదకే తిరుగుతుంది.

కాగితం మీద రాసుకోవలసినవి చిన్న విషయాలే. అద్దె ఏ తేదీకి, ఏడాదికి ఎంత శాతం పెంపు, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, రంగులకు ఎంత పట్టుకుంటారు, మెయింటెనెన్సు ఎవరు కట్టాలి, ఎంతమంది ఉంటారు, వేరేవాళ్లకు మళ్లీ అద్దెకివ్వొచ్చా. దిగే రోజునే గోడలు, గీజర్లు, కబోర్డులు, మీటరు రీడింగు ఫోనులో ఫొటోలు తీసి ఇద్దరూ పంపుకుంటే వెళ్లే రోజు గొడవల్లో సగం ఉండవు. చివరి కరెంటు బిల్లు వచ్చేదాకా అడ్వాన్సులో కొంత ఆపుకోవడం అందరూ ఒప్పుకునే పద్ధతే. అద్దె రెండు వేలు పెంచాలని మంచి అద్దెదారుణ్ని వదులుకుంటే, ఒక నెల ఖాళీతో ఏడాది పెంపు మొత్తం హరించుకుపోతుంది.

పన్నులు

అద్దె ఆదాయం ‘ఇంటి ఆస్తి నుంచి ఆదాయం’ అన్న పద్దు కింద వస్తుంది. వచ్చిన అద్దెలోంచి ఆ ఏడాది నిజంగా కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద బిల్లుల్లేకుండానే మినహాయిస్తారు. ఆపైన అప్పు వడ్డీ. పై ఉదాహరణలో 2,75,000లోంచి 8,000 పోతే 2,67,000, అందులో 30 శాతం పోతే 1,86,900. వడ్డీ 5,05,000 తీస్తే 3.18 లక్షల నష్టం తేలుతుంది. పాత పన్ను విధానంలో ఇందులో 2 లక్షల దాకా జీతం మీద సర్దుకోవచ్చు, మిగతాది ఎనిమిదేళ్లపాటు ఇంటి ఆదాయం మీదకు తీసుకెళ్లొచ్చు. కొత్త విధానంలో ఈ నష్టాన్ని జీతం మీద సర్దుకోవడానికి వీల్లేదు. ‘పన్ను ఆదా’ కోసం రెండో ఇల్లు కొనమనే పాత సలహాకు దీంతో కాలం చెల్లింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినా లెక్క తీరు ఇదే.

50 లక్షలు, అంతకు మించిన ఆస్తి కొంటే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ పట్టి కట్టాలి. నెలకు 50,000 దాటిన అద్దె కట్టే వ్యక్తులు 2 శాతం పట్టాలి.

విదేశాల్లో ఉండేవాళ్లు

అమెరికా, గల్ఫ్‌లలో ఉండే తెలుగువాళ్లు ఇక్కడ ఇళ్లు, దుకాణాలు కొనుక్కోవచ్చు. సాగు భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక చట్టం ఒప్పుకోదు. అద్దె సాధారణంగా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది. యజమాని ప్రవాసి అయితే అద్దె ఎంత చిన్నదైనా 31.2 శాతం టీడీఎస్ పట్టవలసింది అద్దెదారుడే. చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసినవాళ్లు అలాంటి ఇల్లు వద్దనుకుంటారు. తక్కువ రేటు కోసం ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే పత్రం తెచ్చుకోవడం ఒక మార్గం. అమెరికాలో పన్ను నివాసి అయినవాళ్లు ఈ అద్దెను అక్కడి రిటర్నులోనూ చూపించాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ దొరుకుతుంది.

ఊళ్లో ఉన్న అన్నయ్యకో బావగారికో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి అన్నీ చూడమనడం మామూలు. అద్దె వసూలు, ఒప్పందం, అసోసియేషన్ పనులకు మాత్రమే పరిమితమైన పవర్ ఇస్తే సరిపోతుంది. అమ్మే అధికారం అందులో ఉండనక్కర్లేదు. పవర్ కాగితం మీదే ఇల్లు కొనేవాళ్లకు హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది.

ఇల్లు కొనకుండా, అమ్మి బయటపడడం

పై ఉదాహరణలోలాగా 30 లక్షల సొంత డబ్బు ఒకే ఫ్లాటులో ఇరికించడం ఇష్టం లేనివారికి రీట్లు, అంటే స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులు, ఉన్నాయి. సెబీ 2014లో నిబంధనలు తెచ్చినా, దేశంలో మొదటిది, ఎంబసీ ఆఫీస్ పార్క్స్, స్టాక్ ఎక్స్ఛేంజీలోకి వచ్చింది 2019లో. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ రీట్‌కు మాదాపూర్‌లో పెద్ద ఆఫీసు పార్కు ఉంది. పంచదగిన నగదులో 90 శాతం యూనిట్లున్నవాళ్లకు ఇవ్వాలన్నది నియమం. ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చు. అద్దె రాబడి స్వభావం నేర్చుకోవడానికి ఇది తక్కువ ఖర్చు మార్గం. ధర షేర్లలాగే రోజూ కదులుతుంది.

ఫ్లాటు అమ్మడం రీటు అమ్మినంత తేలిక కాదు. గిరాకీ మందగిస్తే నెలల తరబడి కొనేవాళ్లు దొరకరు. 24 నెలలు దాటి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తికి, ఇక్కడ నివసించే వ్యక్తులు ద్రవ్యోల్బణ సవరణతో 20 శాతం లెక్కను ఎంచుకునే వీలుంది. ఆ లాభంతో నిర్ణీత గడువులో మరో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు దొరుకుతుంది. అద్దెదారుడు ఉండగానే అమ్మితే అతని ఒప్పందం కొన్నవాళ్లకు కూడా వర్తిస్తుంది, అడ్వాన్సు తిరిగివ్వవలసిన బాధ్యత ఎవరిదో అమ్మకపు దస్తావేజులోనే రాయించుకోవాలి.